హార్వర్డ్ తీర్పు తర్వాత మన పిల్లలకి సీట్లు పెరిగాయా? అపోహలు - వాస్తవాలు

అమెరికా కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు పెట్టుకునే కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ఆ వారం నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి: "అక్కా, రిజర్వేషన్లు ఎత్తేశారుగా, ఇక మనవాళ్లకి ఢోకా లేదుగా?" న్యూజెర్సీలో హైస్కూల్ పిల్లల చేత కాలేజీ దరఖాస్తులు పెట్టించడం నా వృత్తి. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో, సీట్లిచ్చేటప్పుడు రేస్ (జాతి) చూడకూడదని తీర్పు చెప్పిన దగ్గర్నుంచీ ఇదే వరస. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే లెక్కలు చూస్తే ఒళ్లు మండుతుంది. అవి నమ్మి కంటిమీద కునుకు లేకుండా ఉన్న అమ్మానాన్నల్ని చూస్తే మాత్రం కోపం రాదు.

అపోహ: రేస్ తీసేశారు కాబట్టి ఇప్పుడంతా మెరిటే. శాట్ ప్రవేశ పరీక్షలో 1600కి 1550 దాటితే హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలో సీటు వచ్చినట్టే.

అన్నిటికంటే ఎక్కువ ఇళ్లు ముంచుతున్నది ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మనం ఎంసెట్, జేఈఈలు రాసి వచ్చినవాళ్లం. కేటగిరీ కాలమ్ కొట్టేస్తే మిగిలేది ర్యాంకుల జాబితా అనే అనుకుంటాం. ఇక్కడ ర్యాంకుల జాబితా మొదట్నుంచీ లేదు. కోటాలు 1978లో బకీ కేసులోనే పోయాయి. 2023 దాకా ఉన్నదల్లా, దరఖాస్తు చూసేటప్పుడు రేస్‌ని కూడా ఒక అంశంగా లెక్కలోకి తీసుకోవచ్చన్న వెసులుబాటు. కోర్టు దాన్నే తీసేసింది. వ్యాసాలు, టీచర్ల సిఫార్సు లేఖలు, ఆ స్కూల్లో ఏ కోర్సులు దొరుకుతాయి, పిల్లాడు వాటిలో ఎన్ని తీసుకున్నాడు, క్రీడాకారుల రిక్రూట్‌మెంట్, ఇవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

నమ్మకం కుదరకపోతే కాలిఫోర్నియా చూడండి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో రేస్ చూడకూడదని 1996లోనే ఓటేసి మరీ నిషేధించారు. 1998 బ్యాచ్‌తో అది అమల్లోకి వచ్చింది. మరి పాతికేళ్లు దాటాక ఆ యూనివర్సిటీల్లో ఒకటైన యూసీఎల్ఏ ర్యాంకులతో సీట్లిస్తోందా? అసలు శాట్ స్కోరే చూడదు. మీరు పంపినా అడ్మిషన్ నిర్ణయంలో దానికి విలువ లేదు. లక్షా నలభై వేలకు పైగా దరఖాస్తులు వస్తే వందలో తొమ్మిది మందికి సీటు. మిగతా తొంభై ఒక్క మందిలో స్కూల్ మార్కుల సగటు (జీపీఏ) పూర్తిగా ఉన్న పిల్లలు ఎంతమందో మీరే ఊహించుకోండి.

ఇక అందరూ షేర్ చేసే ఎంఐటీ లెక్క. తీర్పు తర్వాత చేరిన మొదటి బ్యాచ్‌లో, అంటే 2024లో, ఏషియన్ అమెరికన్లు 40 శాతం నుంచి 47 శాతానికి పెరిగారు. నిజమే. ఆ బ్యాచ్ మొత్తం సుమారు 1,100 మంది. ఇంటర్నేషనల్ విద్యార్థుల్ని తీసేస్తే వెయ్యికి అటూ ఇటూ. అందులో ఏడు శాతం అంటే డెబ్బై సీట్లు. ఆ డెబ్బై కోసం చైనీస్, కొరియన్, వియత్నామీస్, గుజరాతీ, తమిళ, తెలుగు పిల్లలందరూ, దేశం మొత్తం నుంచి. మీ కౌంటీలో కుమాన్ ట్యూషన్లకి వెళ్లే పిల్లలే అంతకంటే ఎక్కువ ఉంటారు.

ఆ 47ని వాట్సాప్‌లో పంపినవాళ్లు పక్క వరసలు పంపరు. అదే ఏడాది యేల్‌లో ఏషియన్ల వాటా 30 నుంచి 24కి, డ్యూక్‌లో 35 నుంచి 29కి తగ్గింది. ప్రిన్స్‌టన్‌లోనూ కొంచెం తగ్గింది. హార్వర్డ్‌లో 37 దగ్గరే ఆగింది. మళ్లీ 2025 బ్యాచ్‌కి హార్వర్డ్ 41కి, ప్రిన్స్‌టన్ 27కి చేరాయి. పైగా రేస్ చెప్పనివాళ్లు హార్వర్డ్‌లో 4 శాతం ఉండేవాళ్లు 2024లో 8 శాతమయ్యారు. కొన్ని కాలేజీలు రెండు జాతుల పిల్లల్ని రెండు చోట్లా లెక్కేస్తాయి, కొన్ని వెయ్యవు. ఇలాంటి అంకెల మీద ఒక్క ఏడాది చూసి యూట్యూబ్‌లో జోస్యం చెప్పేవాళ్లని ఏమనాలి?

దీనివల్ల నష్టం ఎక్కడ జరుగుతుందో చెప్తా. మొన్నో అబ్బాయి, శాట్‌లో 1570, డజను ఏపీలు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు), ఊళ్లో రోబోటిక్స్ టీమ్ కెప్టెన్. వాళ్ల నాన్న లిస్టు తనే తయారుచేశాడు. అన్నీ పది శాతం లోపు తీసుకునే కాలేజీలే. "స్టేట్ యూనివర్సిటీ ఎందుకండీ, ఇప్పుడు రూల్స్ మారాయిగా" అన్నాడు. ఏప్రిల్ నాటికి అన్నిచోట్లా రిజెక్ట్, ఒకచోట వెయిట్‌లిస్ట్. అప్పుడు నా దగ్గరకొచ్చారు. అప్పటికి స్టేట్ యూనివర్సిటీలో మెరుగైన విద్యార్థులకిచ్చే ఆనర్స్ ప్రోగ్రామ్ గడువు దాటి నెలలైంది, దాంతో వచ్చే స్కాలర్‌షిప్పూ పోయింది. అబ్బాయి ఒక్క ముక్క మాట్లాడలేదు, బల్లమీద పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. చివరికి గడువు తెరిచే ఉన్న ఒక కాలేజీలో చేరాడు, బాగానే చదువుతున్నాడు. కానీ నాలుగేళ్ల ఫీజులో తేడా? ఆ డబ్బుతో మా ఊళ్లో రెండెకరాలొస్తాయి.

కాబట్టి లిస్టులో మీ స్టేట్ యూనివర్సిటీ ఉండాలి. మీ వాడి స్కోరు అక్కడి సగటు కంటే పైన ఉండే కాలేజీలు ఇంకో రెండుండాలి, అవి మీ వాడికి నచ్చినవై ఉండాలి. పది శాతం లోపు తీసుకునే కాలేజీలన్నీ ఆ తర్వాతే.

ఇంకొక్క మాట. "మనకి పెరిగిందా" అని అడిగేవాళ్లు అదే పట్టికలో కింది వరస కూడా చదవాలి. ఎంఐటీలో నల్లజాతి పిల్లలు 13 శాతం ఉండేవాళ్లు 5 అయ్యారు. ఆమ్‌హర్‌స్ట్‌లో 11 నుంచి 3. దానికి గ్రూపుల్లో చప్పట్ల ఎమోజీలు పెట్టేవాళ్లకి నేను సమాధానమివ్వడం మానేశాను.

అపోహ: ఇండియన్ అని తెలియకుండా జాగ్రత్తపడాలి.

ఒకావిడ కూతురి దరఖాస్తులోంచి కూచిపూడి తీయించేసింది. తొమ్మిదేళ్ల నాట్యం, రంగప్రవేశం, చిన్నపిల్లలకి ఆదివారాలు నేర్పించడం, అన్నీ పోయి ఆ చోట "కమ్యూనిటీ వాలంటీర్" అని వచ్చింది. రేస్ గడిలో టిక్కు పెట్టారో లేదో అన్న సంగతి కాలేజీ తనకి కనిపించకుండా పెట్టుకునే వీలు కామన్ యాప్ 2023 ఆగస్టు నుంచే ఇచ్చింది. అయినా ఇంటిపేరు పైనే ఉంటుందిగా తల్లీ! తన నేపథ్యం తన జీవితాన్ని ఎలా మలిచిందో పిల్ల రాసుకోవచ్చని, కాలేజీ దాన్ని చదవొచ్చని తీర్పులో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ స్వయంగా రాశారు. ఆ కూచిపూడి నేను తిరిగి పెట్టించా.

అపోహ: మా పాప ఇక్కడే పెరిగింది, ఏషియన్ అమెరికన్ కోవలోకి వస్తుంది.

హెచ్-4 మీద, అంటే అమ్మానాన్నల ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసాతో ఉంటే రాదు. ఇది చెప్పేటప్పుడు నాకే మాట తడబడుతుంది. కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే చదివిన పిల్ల, తెలుగు కూడా అమెరికా యాసతో మాట్లాడే పిల్ల, గ్రీన్‌కార్డు లేదు కాబట్టి ప్రభుత్వ గణాంకాల్లో విదేశీ విద్యార్థి. పైన చెప్పిన 47లోనూ 41లోనూ ఆమె లేదు. ఫెడరల్ సాయం రాదు. చాలా కాలేజీలు విదేశీ విద్యార్థి ఫీజు సాయం అడిగితే ఆ అడిగిన సంగతినీ సీటిచ్చేటప్పుడు చూస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్‌స్ట్ లాంటి కొద్ది కాలేజీలే చూడవు. ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రం వాళ్లకిచ్చే తక్కువ ఫీజు) విషయంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు. ఈ ప్రశ్నలు పదో తరగతిలోనే ఫోన్ చేసి ఆయా యూనివర్సిటీలను అడగండి, పన్నెండులో కాదు.

అపోహ: తీర్పుతో పాటు లెగసీ (అదే కాలేజీలో చదివినవాళ్ల పిల్లలకిచ్చే మొగ్గు) కూడా పోయింది.

పోలేదు. కాలిఫోర్నియా ప్రైవేటు కాలేజీల్లో 2025 సెప్టెంబరు నుంచి చట్టం నిషేధించింది. స్టాన్‌ఫర్డ్ ఆ రాష్ట్రం ఇచ్చే విద్యార్థి గ్రాంటు వదులుకుని మరీ లెగసీ కొనసాగిస్తానంది. జాన్స్ హాప్కిన్స్, ఆమ్‌హర్‌స్ట్, ఎంఐటీ చూడవు. హార్వర్డ్ చూస్తుంది.

అపోహ: హైదరాబాద్ నుంచి ఎమ్మెస్‌కి ఇప్పుడు తేలిక.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మా చిన్నాన్న కొడుకు పంపిన కన్సల్టెన్సీ పోస్టర్లో ఇదే ఉంది, తీర్పు తేదీతో సహా. ఎమ్మెస్ సీటుకి డిపార్ట్‌మెంట్ చూసేది బీటెక్ మార్కులు, ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసం), సిఫార్సులు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చేవాళ్లు ఈ తీర్పుకి ముందూ వెనకా ఇంటర్నేషనలే. ఆ పోస్టర్ చూసి అడ్వాన్సు కట్టి ఉంటే రసీదు పట్టుకెళ్లి వెనక్కి అడగండి.