సేరీ నాలా కింద 587 మీటర్లు

మనాలి నుంచి లాహౌల్ లోయకు దారి తీసే అటల్ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు. అందులో 587 మీటర్లు మాత్రం ఇంజనీర్లకు దాదాపు నాలుగేళ్లు చుక్కలు చూపించాయి. అక్కడ పైన సేరీ నాలా అనే వాగు పారుతుంది. కింద కొండ విరిగి, రాయి నలిగి, ఆ సందుల్లోకి నీరు దిగి ఉంది. దీన్నే ఫాల్ట్ జోన్ అంటారు. తవ్వుతుంటే రాళ్లూ బురదా నీళ్లూ కలిసి లోపలికి తోసుకొచ్చేవి.

అంత ఎత్తులో పని అనగానే మనకు చలి, మంచు గుర్తొస్తాయి. అవీ కష్టాలే. రోహ్‌తాంగ్ కనుమ మంచుతో మూసుకుపోతే ఉత్తరం వైపు పని ఆగిపోయేది. కానీ అసలు టెన్షన్ పైనున్న కొండ బరువుతోనే. ఈ సొరంగం మీద కొండ మందం ఒకచోట 1,900 మీటర్ల దాకా ఉంది. ఘనమీటరు రాయి 2.7 టన్నులు తూగుతుందనుకుంటే, చదరపు సెంటీమీటరుకు 500 కిలోల పైమాటే. ఆ ఒత్తిడికి గట్టి రాయి ఒక్కసారిగా పగిలి ముక్కలు ఎగిరిపడొచ్చు. మెత్తటి రాయి మెల్లగా లోపలికి జరుగుతూ, తవ్విన దారిని ఇరుకు చేస్తుంది.

అంత బరువును కాంక్రీటు ఒక్కటే మోయలేదు. చుట్టూ ఉన్న రాయి చేతే మోయించాలి. కొన్ని మీటర్లు పేల్చి, రాళ్లు ఎత్తేసి, వెంటనే గోడ మీద షాట్‌క్రీట్, అంటే గాలి ఒత్తిడితో కొట్టే కాంక్రీటు, చిమ్ముతారు. పొడవాటి రాక్ బోల్టులతో వదులు రాయిని లోపలి గట్టి రాయికి బిగిస్తారు. గోడలు ఎన్ని మిల్లీమీటర్లు జరిగాయో కొలుస్తూ ఉంటారు. ఎక్కువ జరుగుతుంటే ఇంకా బోల్టులు పడాలి. సేరీ నాలా దగ్గర ఇదీ చాలలేదు. కప్పు వెంబడి ఉక్కు పైపులు ముందుకు దింపి, సిమెంటు ద్రవం ఎక్కించి, ఆ గొడుగు కింద కొద్దికొద్దిగా తవ్వారు.

స్విట్జర్లాండ్‌లో 2016లో ప్రారంభమైన 57 కిలోమీటర్ల గొట్‌హార్డ్ సొరంగంలో రాతి వేడి 45 డిగ్రీలు తాకింది. దాన్ని గాలిని చల్లబరిచే యంత్రాలతో దాటారు. అంతకంటే పెద్ద భయం పియోరా అనే చోట ఉండేది. అక్కడి డోలమైట్ పంచదారలా పొడిపొడిగా, నీటితో నిండి ఉంటుంది. సొరంగం లోతులోనూ అలాగే ఉంటే పని సాగదు. అందుకే 1990లలోనే పరిశోధన సొరంగం తవ్వి, అందులోంచి లోతుగా బోరు రంధ్రాలు వేసి చూశారు. కింద రాయి గట్టిగా, పొడిగా ఉందని తేలింది. ఇలా ముందే చూసుకోవడానికి పట్టే కాలాన్ని ఆలస్యం కింద రాయడం అన్యాయం.

ఇది మనకూ దగ్గరి విషయమే. నల్లమలలో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పైనంతా పులుల అభయారణ్యం, మధ్యలో ఎక్కడా లోపలికి దారి తవ్వే వీల్లేదు. 2025 ఫిబ్రవరి 22న ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల కప్పు కూలింది. చిక్కుకున్న 8 మందిలో ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. ఆ ఏడాది చివర్లో హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు హెలికాప్టర్‌తో విద్యుదయస్కాంత సర్వే మొదలుపెట్టారు. నీళ్లున్న పగుళ్లలో విద్యుత్తు పొడి రాయిలో కంటే తేలిగ్గా పారుతుంది కాబట్టి వాటి ఆనవాళ్లు పైనుంచే దొరుకుతాయి. అయినా, లోపల తవ్వేవాళ్లు ప్రతి విడతకూ ముందు బోరు వేసి చూడాల్సిందే. ఎంత తొందర ఉన్నా ఆ పని మానకూడదు.