అండం చుట్టూ అల్లుకునే మాత్రిక

చిరంజీవులకు ఆశీస్సులు.

పాఠ్యపుస్తకాల్లో క్షీరదాల అండాన్ని ఒంటరి గుండ్రని కణంగా గీస్తారు. ఆ బొమ్మ నాకు ఎప్పుడూ అసంపూర్ణంగానే తోస్తుంది. అండాశయం నుంచి వెలువడేటప్పుడు అండం చుట్టూ క్యుములస్ కణాలనే చిన్న కణాల గుంపు, వాటి మధ్య సాగే గుణమున్న మెత్తని జిగురు పదార్థం ఉంటాయి. ఆ పదార్థమే మాత్రిక. అండాన్ని అంటిపెట్టుకుని ఉండే జోనా పెల్లుసిడా పొర వేరు. అది అండం పెరిగే కాలంలోనే ఏర్పడుతుంది. మాత్రిక మాత్రం విడుదలకు ముందు చివరి గంటల్లో పుడుతుంది.

మెదడు అడుగునున్న పీయూష గ్రంథి ల్యూటినైజింగ్ హార్మోన్‌ను ఒక్కసారిగా పెద్ద మోతాదులో విడుదల చేస్తుంది. మనుషుల్లో ఆ తర్వాత సుమారు 36 గంటలకు అండం బయటికి వస్తుంది. ఈ హార్మోన్ సంకేతాన్ని మొదట అందుకునేవి పుటిక, అంటే అండాశయంలో అండం పెరిగే చిన్న సంచి, గోడలోని కణాలు. అవి యాంఫిరెగ్యులిన్ వంటి ప్రోటీన్ల ద్వారా కబురును క్యుములస్ కణాలకు చేరవేస్తాయి. అండం కూడా ఊరుకోదు, జీడీఎఫ్9 అనే ప్రోటీన్‌ను స్రవించి ఆ కణాలను పనికి సిద్ధం చేస్తుంది.

అప్పుడు క్యుములస్ కణాలు హైయలూరోనన్ అనే చాలా పొడవైన చక్కెర గొలుసును తయారుచేస్తాయి. దాన్ని పేర్చే ఎంజైమ్ కణత్వచంలోనే ఉంటుంది కాబట్టి గొలుసు పెరుగుతూనే బయటికి వచ్చేస్తుంది. అది నీటిని విపరీతంగా పట్టుకుని ఉబ్బుతుంది. దగ్గరదగ్గరగా ఉన్న కణాలు ఎడమవుతాయి. చిట్టెలుకల్లో ఈ గుంపు ఘనపరిమాణం 20 రెట్లకు పైగా పెరుగుతుంది.

అయితే ముడులు లేని దారాలతో వల నిలవదు కదా! నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఆ ముడులు పడే తీరే. వాటికి కావలసిన ఒక ప్రోటీన్ కాలేయంలో తయారవుతుంది. ఇంటర్ ఆల్ఫా ఇన్హిబిటర్ అనే ఆ ప్రోటీన్ రక్తంలో తిరుగుతూ ఉంటుంది. హార్మోన్ సంకేతం తర్వాత పుటిక చుట్టూ ఉన్న అడ్డు సడలడంతో లోపలికి చేరుతుంది. టీఎస్‌జీ-6 అనే మరో ప్రోటీన్ దాని బరువైన గొలుసులను విడదీసి హైయలూరోనన్‌కు గట్టి రసాయన బంధంతో అతికిస్తుంది. పెంట్రాక్సిన్ 3 అనేది అలా అతుక్కున్న వాటిని ఒకదానితో ఒకటి కలిపి పట్టుకుంటుంది. ఎక్కడో కాలేయంలో పుట్టినది అండాశయంలో ఇంత కీలకమైన పని చేయడం ఎంత గొప్ప సంగతో చూడండి.

ఇది ఊహ కాదు. ఇంటర్ ఆల్ఫా ఇన్హిబిటర్‌లో భాగమైన బైక్యునిన్ లేని ఆడ చిట్టెలుకలపై 2001లో, టీఎస్‌జీ-6 లేని వాటిపై 2003లో పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. రెండు సందర్భాల్లోనూ హైయలూరోనన్ తయారైనా మాత్రిక నిలవలేదు. అండాలు కణాల తోడు లేకుండా విడుదలయ్యాయి, ఫలదీకరణ తీవ్రంగా దెబ్బతింది.

ఈ మాత్రిక వల్లే అండం తన కణాల గుంపుతో కలిసి అండవాహికలోకి సులువుగా చేరుతుంది. అండంలోకి నేరుగా వీర్యకణాన్ని ఎక్కించే ప్రయోగశాలల్లో మాత్రం మొదట హైయలూరోనిడేజ్ ఎంజైమ్‌తో దీన్ని కరిగిస్తారు. ఆ కణాలు తొలగితేనే అండం పక్వతను సూక్ష్మదర్శినిలో స్పష్టంగా చూడగలరు.

ఇట్లు,
మీ తాతయ్య