ఎండ కాయని ఏడాది ఊరగాయలు: అపోహలు - వాస్తవాలు

ఒడిశా కొండల్లో ఉన్న కోరాపుట్‌లో ఊరగాయలు పెట్టి అమ్మడం నా పని. మే నెలలో కాలబైశాఖి వానలు (ఎండాకాలపు గాలివానలు) వరసగా పట్టుకున్నాయంటే, కింద సాలూరులో ఉక్కపోస్తున్నా ఘాట్ ఎక్కి సుంకి దాటేసరికి దుప్పటి గుర్తొస్తుంది. పెరట్లో మామిడి ఓ పట్టాన ముదరదు, టమాటా ఎర్రబడదు. అలాంటి ఏడాదే నాకు సలహాలు ఎక్కువ వస్తాయి.

అపోహ: ఎండ లేకపోతే ఆవకాయ నిలవుండదు.

ఆవకాయకు ఎండతో పనేముంది? కాయ కడిగి, తుడిచి, ఫ్యాను కింద తడి ఆరిస్తే చాలు. దాన్ని నిలవ ఉంచేది ఎండ కాదు, కాయ పులుపూ ఉప్పూ. కాయ నిదానంగా ముదిరితే మనకే మంచిది: టెంక కట్టి, పులుపు తగ్గని కాయ ఇంకొన్నాళ్లు దొరుకుతుంది. ఎండ కావలసింది మాగాయకి, మా పక్కింటి ఒడియా వాళ్లు పెట్టే అంబులకి, అంటే ఉప్పు వేసి ఎండబెట్టే మామిడి ముక్కలకి. ముక్కలు సగం ఎండాక మబ్బు పడితే వాటిని మళ్లీ ఉప్పు ఊటలో వేసి మూత పెట్టండి. ఎండ వచ్చాక తీయొచ్చు. సగం ఎండినవి చాప మీద అలాగే వదిలేస్తే బూజు ఖాయం.

అపోహ: చల్లటి ఊరు కదా, ఉప్పు కాస్త తగ్గించినా పరవాలేదు.

ఇది నమ్మే ఒకసారి జాడీడు మాగాయ పోగొట్టుకున్నాను. బూజుకి చలి లెక్కలేదు, ఫ్రిజ్‌లో బ్రెడ్డుకి పట్టడం లేదూ? పైన తెట్టు తీసేసి కిందది వాడుకోమంది మా అత్తగారు. బూజు పులుపుని తినేస్తుంది, పులుపు తగ్గిన చోట అంతకన్నా చెడ్డ క్రిములు చేరతాయి. మొత్తం పారబోశాను. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అపోహ: పైన నూనె తేలితే లోపల ఏదున్నా భద్రమే.

నూనె గాలిని ఆపుతుంది, అందుకే బూజు రాదు. కానీ బాటులిజం విషాన్ని తయారుచేసే క్రిమికి కావలసిందే గాలి తగలని చోటు. దాన్ని ఆపేది పులుపు, లెక్కలో చెప్పాలంటే పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉండాలి (పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం). మామిడి, నిమ్మ ఊరగాయల్లో ఆ టెన్షన్ లేదు. పచ్చి వెల్లుల్లి ఒక్కటే నూనెలో వేసి అలమరలో పెట్టేవాళ్లను చూస్తే మాత్రం నాకు భయం.

టమాటా ఆ 4.6 గీతకు అటూ ఇటూ ఊగే కాయ. గుజ్జు సీసాల్లో నిలవ చేసేటప్పుడు లీటరుకు అర టీస్పూను నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేయాల్సిందే. ఇంకో సంగతి: కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. వేడి గుజ్జు నింపిన లీటరు సీసాని మరిగే నీళ్లలో మైదానంలో 45 నిమిషాలు ఉంచితే, ఇక్కడ 50 ఉంచాలి. విజయనగరంలో అక్క చెప్పిన టైము ఇక్కడ చాలదు.

అపోహ: కార్బైడ్ కొంచెం వేస్తే తప్పులేదు.

తప్పే. కాయలు మగ్గబెట్టడానికి దాన్ని వాడటం చట్టప్రకారం నిషేధం. కాయల మధ్య ఒక పండిన అరటిపండు పెట్టండి, అదే పని చేస్తుంది.

అపోహ: పచ్చి టమాటా కిటికీ ఎండలో పెడితేనే పండుతుంది.

వెలుతురు అక్కర్లేదు. కావలసింది 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనం, వంటింటి గూట్లో కాగితం చుట్టి పెట్టినా దొరుకుతుంది. ఫ్రిజ్‌లో పెడితే రంగు తిరగడం ఆగిపోతుంది. ముందు ఒక కాయ కోసి చూడండి. గింజ జిగురులో జారి కత్తికి దొరకకపోతే మిగతావి పండుతాయి. గింజ తెగిందా, అవి ఎన్నాళ్లున్నా అంతే. నేనైతే ఆ పూటే పచ్చిమిర్చి, నువ్వులు వేసి రోట్లో నూరేస్తాను.