కక్ష్యలో వేగం, పరిభ్రమణ కాలం: అపోహలు - వాస్తవాలు

కక్ష్య లెక్కలు నేర్పేటప్పుడు ఫార్ములా అర్థం కావడానికి పెద్దగా టైమ్ పట్టదు. ముందే మనసులో నాటుకుపోయిన నమ్మకాలు వదలడమే కష్టం.

అపోహ: బరువైన నౌక ఎక్కువ వేగంగా తిరగాలి.

వాస్తవం: అక్కర్లేదు. వృత్తాకార కక్ష్య అయితే 3,98,600ను దూరంతో (కిలోమీటర్లలో) భాగించి వర్గమూలం తీస్తే సెకనుకు ఎన్ని కిలోమీటర్లో వచ్చేస్తుంది. ఆ 3,98,600 భూమి గురుత్వ బలాన్ని చెప్పే స్థిరాంకం; నౌక బరువుతో దానికి పని లేదు. 400 టన్నులు దాటిన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికైనా, వ్యోమగామి చేతిలోంచి జారిన పనిముట్టుకైనా ఆ ఎత్తులో వేగం ఒకటే.

అపోహ: ఎత్తు 400 కి.మీ. అయితే దూరం 400 అనే వేయాలి.

వాస్తవం: ఎక్కువమంది తప్పేది ఇక్కడే. దూరాన్ని భూమి కేంద్రం నుంచి కొలవాలి: 6,378 + 400 = 6,778 కి.మీ. అప్పుడు వేగం సెకనుకు 7.67 కి.మీ. కక్ష్య చుట్టుకొలతను దానితో భాగిస్తే ఒక చుట్టుకు సుమారు 92.5 నిమిషాలు. ఉత్త 400 వేస్తే వేగం 31.6 వస్తుంది. భూమి ఉపరితలం దగ్గర పలాయన వేగమే (భూమి గురుత్వం నుంచి పూర్తిగా తప్పించుకుపోయే వేగం) 11.2! జవాబు రాగానే ఇలా ఒకసారి సరిచూసుకోండి.

అపోహ: పైకి వెళ్లడానికి వేగం పెంచుతాం కాబట్టి పై కక్ష్యలో వేగం ఎక్కువ.

వాస్తవం: ఈ లెక్కలన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది ఇదే. 400 నుంచి 500 కి.మీ.కు వెళ్లాలంటే ఇంజిన్‌ను రెండుసార్లు మండించి మొత్తం సెకనుకు 56 మీటర్ల వేగం కలపాలి. తీరా పైకి చేరాక నౌక మునుపటికంటే దాదాపు 56 మీటర్లు నెమ్మదిగా పోతుంటుంది. గురుత్వానికి ఎదురెక్కడంలో, మనం కలిపినదానికి రెట్టింపు వేగం ఖర్చయిపోతుంది. దారి పొడవు పెరిగి, వేగం తగ్గి, ఒక చుట్టుకు 94.6 నిమిషాలు పడుతుంది. 1965లో అమెరికా అంతరిక్ష నౌక జెమిని 4లోని వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్, విడిపోయిన రాకెట్ దశను చేరుకోవాలని నౌకను దాని వైపే తోశాడు. ఈ కారణంగానే అది దగ్గర కాకపోగా దూరమైంది.

అపోహ: గాలి రాపిడితో ఉపగ్రహం నెమ్మదిస్తుంది.

వాస్తవం: శక్తి తగ్గుతుంది, కక్ష్య దిగుతుంది; కింది కక్ష్యలో వేగం ఎక్కువ కాబట్టి వేగం మాత్రం పెరుగుతుంది.

అపోహ: దీర్ఘవృత్త కక్ష్యలో వేగం మారుతుంటుంది కాబట్టి కాలం లెక్కకట్టడం కష్టం.

వాస్తవం: కాలానికి పొడవాటి అక్షంలో సగం తెలిస్తే చాలు. కేంద్రం నుంచి దూరం 6,628, 42,164 కి.మీ. మధ్య మారే కక్ష్యలో వేగం సెకనుకు 10.2 కి.మీ. నుంచి 1.6కు పడిపోతుంది. కాలం మాత్రం వాటి సగటు, అంటే 24,396 కి.మీ. వ్యాసార్ధమున్న వృత్తానికి ఎంతో అంతే: సుమారు పదిన్నర గంటలు.