ఫాస్ట్‌ఫుడ్ కంటే రెస్టారెంటు భోజనం నయమా?

బయట తినక తప్పనప్పుడు ఫాస్ట్‌ఫుడ్ దుకాణం కంటే, కూర్చోబెట్టి వడ్డించే రెస్టారెంటే ఒంటికి మంచిదన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఫాస్ట్‌ఫుడ్‌కు చెడ్డపేరు ఊరికే రాలేదు. అయితే ఆ చెడ్డపేరు చాటున రెస్టారెంట్లు ఇన్నేళ్లూ ఎవరి కంటా పడకుండా తప్పించుకున్నాయి.

1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ హోటల్లో వంటకాల సంఖ్యను బాగా తగ్గించి, వంట పనిని అంచెలుగా విడగొట్టి, ఎవరు చేసినా ఒకే రుచి, ఒకే కొలత వచ్చేలా ఏర్పాటు చేశారు. ఆ కొలతలు మొదట్లో చిన్నవే. 1955లో ఆ సంస్థ అమ్మిన శీతల పానీయం సుమారు 200 మిల్లీలీటర్లు ఉండగా, తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో పెద్ద కప్పు పరిమాణం దానికి నాలుగు రెట్లు దాటింది. ఫాస్ట్‌ఫుడ్ వల్ల జరిగిన హానిలో ఈ మోతాదుల పెరుగుదలదే పెద్ద పాలు అని నా అభిప్రాయం.

వేపుడు నూనె సంగతి మరింత వివరంగా చెప్పుకోవాలి. బంగాళాదుంప ముక్కలను పశువుల కొవ్వులో వేయించడంపై గుండెజబ్బుల భయంతో విమర్శలు ముదరగా, 1990లో మెక్‌డొనాల్డ్స్ అమెరికాలో వంటనూనెకు మారింది. కానీ ఎన్నిసార్లు కాచినా త్వరగా పాడవకూడదని ఈ వ్యాపారంలో విరివిగా వాడినవి పాక్షికంగా హైడ్రోజనీకరించిన, అంటే గట్టిపడేలా కొంతమేర హైడ్రోజన్ కలిపిన నూనెలు. వాటిలోని ట్రాన్స్ కొవ్వు చెడు కొలెస్ట్రాల్‌ను పెంచడమే కాక మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. డెన్మార్క్ 2003లో దీనికి పరిమితి విధించింది. 2006లో న్యూయార్క్ నగరం ఆమోదించిన నిషేధం రెస్టారెంట్లన్నిటికీ వర్తించింది, ఎందుకంటే ఆ నూనెలు వాటి వంటగదుల్లోనూ ఉన్నాయి.

లెక్కలు తీసినప్పుడు నమ్మకం తలకిందులైంది. బ్రిటన్‌లోని 27 పెద్ద సంస్థల భోజనాలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఫాస్ట్‌ఫుడ్ ప్రధాన భోజనానికి సగటున 751 కిలో కేలరీలు ఉంటే, వడ్డించే రెస్టారెంట్లలో 1,033 ఉన్నాయి. పానీయాలు, స్టార్టర్లు, తీపి వంటకాలు ఇందులో కలపలేదు. అమెరికా పెద్దల ఆహార వివరాలపై 2015లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, ఇంట్లో తిన్న రోజుతో పోలిస్తే రెండు చోట్లా రోజుకు 190 కిలో కేలరీల దాకా అదనంగా చేరాయి. సంతృప్త కొవ్వు ఫాస్ట్‌ఫుడ్‌తో ఎక్కువైతే, ఉప్పు ద్వారా అందే సోడియం మాత్రం రెస్టారెంటు భోజనంతోనే ఎక్కువైంది.

ఇంటి భోజనానికి ఉన్న ఆధిక్యం కూడా వండుకుంటేనే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 20 మందిపై జరిపి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, ప్రాసెస్ చేయని ఆహారం తిన్న రెండు వారాలతో పోలిస్తే, అతిగా ప్రాసెస్ చేసిన ఆహారం తిన్న రెండు వారాల్లో వారు రోజుకు సుమారు 500 కిలో కేలరీలు ఎక్కువ తిన్నారు. అలాంటి ప్యాకెట్ భోజనాన్ని ఇంట్లో వేడిచేసుకుని తింటే, ఫాస్ట్‌ఫుడ్ మానేశామన్న లెక్కకు పెద్దగా విలువ ఉండదు.