శవమా, తెరా? త్రీడీ అనాటమీ వెనక కథ

విశాఖలో మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. అప్పటి విజగపటం మెడికల్ కాలేజీకే 1940లో ఆంధ్ర మెడికల్ కాలేజీ అని పేరు మారింది. ఇన్నేళ్లలో మందులు మారాయి, పరీక్షలు మారాయి. ఫస్టియర్ కుర్రాడి చేతిలో స్కాల్పెల్ కత్తి, ముక్కులో శవం కుళ్లకుండా వాడే ఫార్మలిన్ మంట మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు శవాల కొరత ఉన్న కాలేజీలు శరీరాన్ని తెర మీద తిప్పి చూపించే త్రీడీ టేబుళ్ల వైపు చూస్తుంటే శవం మేలా, తెర మేలా అన్న వాదన లేచింది.

శవాన్ని నిలవ ఉంచడం తేలిక పనేం కాదు. తొడ దగ్గర ఫెమొరల్ ధమని తెరిచి ఎనిమిది, పది లీటర్ల ద్రావణం ఎక్కిస్తారు. వేళ్ల చివరలకి, చెవులకి అది సరిగా చేరదు. వాటికి చుట్టిన తడిగుడ్డ ఆరిపోతే అవి చెక్కలా బిగుసుకుంటాయి. తడిగా వదిలేశామా, మన సముద్రపు తేమకి బూజు పడుతుంది. పైగా ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. దానికి తోడు భారత వైద్య మండలి 1997 నిబంధనలతో ఏడాదిన్నర ఫస్టియర్ ఏడాదికి కుదించుకుపోయింది. నెమ్మదిగా కోసి చూసే తీరిక అక్కడే పోయింది.

లోతు చూపించాలన్న తపన మాత్రం కంప్యూటర్ల కంటే పాతది. 1895 నాటి ఎక్స్-రే ముందున్న ఎముకనీ వెనకున్న ఎముకనీ ఒకే నీడగా కలిపేసింది. 1950లలో వ్యూమాస్టర్ సృష్టికర్త విలియం గ్రూబర్, శరీరాన్ని కోసి చూపించడంలో దిట్ట డేవిడ్ బాసెట్ కలిసి రెండు కళ్లకి రెండు ఫొటోలు పెట్టి అనాటమీని లోతుతో చూపించారు. తిరుణాళ్లలో పిల్లలు కంటికి ఆనించుకుని చూసే ఆ బొమ్మల పెట్టె సూత్రమే. చూడ్డానికి బాగుండేది గానీ, ఫొటో తీసిన కోణం తప్ప మరో కోణం ఉండేది కాదు.

1971 అక్టోబరులో ఇంజినీరు హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ స్కాన్ యంత్రం లండన్‌లో మొదటి రోగి తలని స్కాన్ చేసింది. ఆ బొమ్మలో అడ్డం 80, నిలువు 80 చుక్కలు, అంతే. కానీ ప్రతి చుక్కకీ ఓ అంకె వచ్చింది. ఇప్పటి కొలతలో నీళ్లు సున్నా, గాలి మైనస్ 1000, గట్టి ఎముక వెయ్యి, ఆపైన. అంకెలున్న పొరల్ని దొంతరగా పేరిస్తే ఎటైనా తిప్పి చూడొచ్చు.

బోధనకి పెద్ద మలుపు 1994. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం, టెక్సాస్‌లో మరణశిక్ష అమలైన ఓ ఖైదీ దానమిచ్చిన శరీరాన్ని ముందు స్కాన్ చేయించి, తర్వాత గడ్డకట్టించి, 1 మి.మీ. చొప్పున చెక్కుతూ 1,871 పొరల ఫొటోలు తీయించింది. ఫొటో తీసిన పొర తరవాతి చెక్కుడులో పొడిగా రాలిపోయేది, మిగిలింది ఫొటోయే. మరుసటి ఏడాది స్త్రీ శరీరాన్ని 0.33 మి.మీ.తో చేశారు, 5 వేలకు పైగా పొరలు. 2019 నుంచి ఈ ఫొటోల్ని ఎవరైనా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ఒక చమత్కారం: ఆ పురుషుడికి అపెండిక్స్ లేదు. ప్రపంచమంతా నమూనా మగాడిగా చూసిన శరీరంలో పుస్తకం చెప్పిన ఓ భాగమే కనబడదు.

తెర మీద బొమ్మ ఎంత నిజమన్నది స్కాన్ దగ్గరే తేలిపోతుంది. 5 మి.మీ. మందం స్లైసులతో, అంటే స్కాన్ పొరలతో, పుర్రె కడితే మెట్లు మెట్లుగా వస్తుంది. 1 మి.మీ. లేదా అంతకంటే పల్చనివి కావాలి. ఎముకని వేరు చేయడానికి 200 నుంచి 250 అంకె పైనున్నదంతా తీసుకోమంటారు. అప్పుడు కాంట్రాస్ట్ (స్కాన్‌లో తెల్లగా కనబడేలా ఇచ్చే మందు) ఎక్కించిన రక్తనాళాలు కూడా ఎముకగా లెక్కలోకొచ్చేస్తాయి, చేత్తో చెరపాల్సిందే. కంటిగూటి గోడ కాగితమంత పల్చన. పక్కనున్న గాలితో కలిసి దాని అంకె పడిపోతుంది, బొమ్మలో చిల్లు కనిపిస్తుంది. విద్యార్థి అది విరిగిందనుకుంటాడు. పళ్లలో లోహం ఉంటే చుట్టూ చారలు. భుజం కింది నరాల జాలాన్ని సీటీ చాలావరకు చూపించలేదు, దానికి ఎమ్మారైయో స్కాల్పెలో పట్టాలి. ఇక సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు కుడి ఎడమలు తారుమారయ్యే ప్రమాదం ఉంది. బొమ్మని వాడేముందు కాలేయం కుడివైపే ఉందా అని చూసుకోవడం పది సెకన్ల పని.

2018లో విశాఖలోని పెదగంట్యాడ దగ్గర వైద్య పరికరాల కోసం మెడ్‌టెక్ జోన్ ప్రారంభమైంది, కాబట్టి యంత్రాల వాసన ఈ ఊరికి కొత్త కాదు. కొరత ముడిసరుకుది. స్కానింగ్ సెంటర్లు చాలాచోట్ల చదవడానికి మందపాటి స్లైసులు, రోగికి ఫిల్మూ ఇచ్చి పల్చటివాటిని కొన్నాళ్లకి చెరిపేస్తాయి. లెక్క చూడండి: అడ్డం 512, నిలువు 512 చుక్కల స్లైసు ఒకటి అర మెగాబైటు, 300 స్లైసుల పొట్ట స్కాను 150 మెగాబైట్లు. పేరు, వయసు, ఆసుపత్రి నంబరు తీసేసి, రోగి అనుమతితో వీటిని దాచుకున్న కాలేజీ దగ్గర అపెండిక్స్ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, మూత్రపిండానికి రెండు ధమనులున్నవాళ్లూ అందరూ దొరుకుతారు. ఖరీదైన టేబుల్‌తో పాటు వచ్చే శరీరాలు కొద్దే.