ప్రతిపక్ష ఎమ్మెల్యే కరెంటు గురించి, పన్నుల గురించి మాట్లాడితే: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎమ్మెల్యేలు సభలో మాట్లాడటానికి కావాల్సిన లెక్కలు, కాగితాలు సిద్ధం చేసి ఇవ్వడం నా పని. ఇన్నేళ్లలో ఎక్కువగా ప్రతిపక్షంలో ఉన్నవాళ్లకే చేశాను. బడ్జెట్ పెట్టిన సాయంత్రం పుస్తకాల కట్ట ఇంటికొస్తుంది. ఆ రాత్రి ఇక నిద్ర ఉండదు. చుట్టాలు, స్నేహితులు ఈ పని గురించి తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఓటింగులో ఎలాగూ ఓడిపోతారు, బడ్జెట్ మీద ప్రతిపక్షం మాట్లాడి ఏం లాభం?

వాస్తవం: రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం శాఖల పద్దులను, అంటే ఖర్చుకు శాఖలు అడిగే మొత్తాలను, సభ ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తగ్గించవచ్చు. పెంచడానికి మాత్రం వీల్లేదు. గవర్నర్ సిఫార్సు లేకుండా ఏ పద్దూ సభ ముందుకు రాదు. అందుకే "మా కాలువకు ఇంకో పది కోట్లు వేయండి" అని సభ్యుడు తీర్మానం పెట్టలేడు. అతని చేతిలో ఉన్నది కోత తీర్మానం. పద్దులో వంద రూపాయలు తగ్గించమని అడిగే టోకెన్ కోత వెనక ఉద్దేశం ఆ వంద మిగల్చడం కాదు. సంబంధిత మంత్రి లేచి జవాబు చెప్పాలి, ఆ జవాబు రికార్డుల్లోకి ఎక్కాలి. ఏడాది తర్వాత మనం పట్టుకునేది ఆ రికార్డునే.

అసలు పని ప్రభుత్వ ఖర్చుల లెక్కలు పరిశీలించే ప్రజా పద్దుల కమిటీలో (పీఏసీ) జరుగుతుంది. లోక్‌సభలో 1967 నుంచి ఈ కమిటీ ఛైర్మన్ పదవిని ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత పయ్యావుల కేశవ్ ప్రతిపక్షం నుంచి ఆ కుర్చీలో ఉన్నారు. 2021 జులైలో ఆయన రూ.41,000 కోట్ల చెల్లింపులకు సరైన వోచర్లు లేవని గవర్నర్ దగ్గరకు వెళ్లారు. అవి లెక్కల సర్దుబాట్లేనని, దుర్వినియోగం ఏమీ లేదని అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఎవరి మాట నమ్మాలన్నది పాఠకుల ఇష్టం. కానీ ఒక సభ్యుడు ఖజానా లెక్కల్లోంచి అంకె తీస్తే ప్రభుత్వం జవాబు చెప్పక తప్పలేదు. 2024లో ఆయనే ఆర్థిక మంత్రి అయ్యారు. అదే ఏడాది పీఏసీ ఎన్నికను వైఎస్సార్‌సీపీ బహిష్కరించింది, ఛైర్మన్ పదవి అధికార కూటమిలోని జనసేనకు వెళ్లింది. కారణం ఏదైనా కానీ, ఆ కుర్చీలో ప్రతిపక్షం లేకపోవడం నాకు నిజంగా బాధే.

అపోహ: కరెంటు ఛార్జీలు ప్రభుత్వమే పెంచింది. / కాదు, పాత ప్రభుత్వం చేసిన పాపమే.

వాస్తవం: మొన్న మా పక్కింటి పిన్నిగారు కరెంటు బిల్లు పట్టుకొచ్చారు. నాలుగు మడతలు పెట్టిన సన్నటి కాగితం, అక్షరాలు సగం వెలిసిపోయాయి. "వాడకం పెరగలేదు నాయనా, బిల్లు ఎందుకు పెరిగింది?" అన్నారు. వేలు పెట్టి ఒక్కో వరసా చూపించాను. ఎనర్జీ ఛార్జీలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు తేల్చేది విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్‌సీ. విద్యుత్ సుంకం అలా కాదు, అది రాష్ట్ర ఖజానాకు పోయే పన్ను. కరెంటు మీద జీఎస్టీ లేదు కాబట్టి రాష్ట్రానికి ఇది ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు యూనిట్‌కు 6 పైసలు. దుకాణాలకు, పరిశ్రమలకు 2022లో దాన్ని రూపాయి చేశారు. దీనికి ఈఆర్‌సీని నిందించి లాభం లేదు, ప్రభుత్వాన్నే అడగాలి.

గొడవంతా ఇంకో వరస మీద. ఇళ్లకు కరెంటు సరఫరా చేసే పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, ముందుగా వేసుకున్న అంచనాకు, తర్వాత నిజంగా కరెంటు కొన్న ధరకు మధ్య తేడాను సర్దుబాటు ఛార్జీగా వసూలు చేస్తాయి. 2022-23కి రూ.6,072 కోట్లు, 2023-24కి రూ.9,412 కోట్ల వసూలుకు 2024 చివర్లో అనుమతి వచ్చింది. డిసెంబరు 27న వైఎస్సార్‌సీపీ రోడ్డెక్కింది. ఆ కొనుగోళ్లు మీ హయాంలోవేగా అని అధికార పక్షం ఎదురడిగింది. కొనుగోళ్లు పాతవే, అది నిజం. అయితే విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఏ వర్గం వినియోగదారుల భారమైనా తాను భరించవచ్చు, ఆ డబ్బు డిస్కంలకు ముందే కట్టాలి. రైతుల ఉచిత కరెంటు నడిచేది ఈ దారిలోనే. కాబట్టి ప్రతిపక్ష సభ్యుడు అడగాల్సింది ఇది: ఈ మొత్తంలో మీరు ఎంత భరించారు, ఎంత జనం మీద వదిలేశారు, ఇంధన శాఖ పద్దులో అది ఎక్కడుంది? నినాదం ఎంత గట్టిగా ఇచ్చినా ఈ ప్రశ్నంత ఇబ్బంది పెట్టదు.

ఛార్జీల ప్రతిపాదనల మీద ఈఆర్‌సీ బహిరంగ విచారణలు పెడుతుంది. అక్కడ ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, ఎమ్మెల్యే కూడా. రైతు సంఘాల పెద్దలు లెక్కలు రాసుకొచ్చి మాట్లాడతారు. ఎమ్మెల్యేలు కనపడటమే అరుదు.

అపోహ: పెట్రోలు పన్నంతా రాష్ట్రానిదే. లేదంటే అంతా కేంద్రానిదే.

వాస్తవం: ఇద్దరిదీ. 2021 బడ్జెట్ తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్రం సుంకం రూ.32.90. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన ప్రాథమిక సుంకం రూ.1.40 మాత్రమే, మిగతాదంతా సెస్సులు, అదనపు సుంకాలు. ఆ ఏడాది నవంబరు నుంచి సుంకం తగ్గించారు కానీ, సెస్సుల్లో రాష్ట్రాలకు వాటా లేకపోవడం మారలేదు. ఆ తర్వాత రాష్ట్రాలు తమ వ్యాట్ వేసుకుంటాయి. ఏ సభలో కూర్చుని మాట్లాడుతున్నామో ఆ సభ వేసిన పన్ను గురించి ముందు మాట్లాడమని నేను చెబుతుంటాను.

అపోహ: బడ్జెట్‌లో కేటాయించారంటే ఖర్చు పెట్టినట్టే.

వాస్తవం: బడ్జెట్ పుస్తకంలో ఒక్కో పద్దుకు నాలుగు గడులుంటాయి. ముందటేడు నిజంగా అయిన ఖర్చు, ఈ ఏడాది అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. ఒకసారి టెన్షన్‌లో నేను సవరించిన అంచనాకు బదులు పక్క గడిలోని అంకె రాసిచ్చాను. మంత్రి లేచి అసలు అంకె చదివారు, మా సభ్యుడు కూర్చోవాల్సి వచ్చింది. ఆ ప్రసంగంలో మిగతా వాదనంతా సరైనదే, ఎవరూ వినలేదు. ఆ రోజు నుంచి స్కేలు అడ్డం పెట్టుకుని చదువుతున్నాను.

అన్నిటికన్నా తక్కువ మంది తెరిచే పేజీ ప్రభుత్వ గ్యారంటీలది, అంటే ఇతర సంస్థల అప్పులకు ప్రభుత్వం ఇచ్చిన పూచీలది. కార్పొరేషన్ల పేరు మీద తెచ్చి, ఖజానా నుంచి తీర్చే అప్పులు మామూలు అప్పుల పట్టికలో కనపడవు. 2022 నుంచి కేంద్రం వాటినీ రాష్ట్ర అప్పుల పరిమితిలో కలిపి లెక్కిస్తోంది. డిస్కంల అప్పుకు ప్రభుత్వం ఎంత పూచీ ఉందో ఆ పేజీలోనే దొరుకుతుంది. ఏ పార్టీ సభ్యుడికి పనిచేసినా, బడ్జెట్ రాత్రి నేను మొదట చూసేది ఆ పేజీనే.